బట్టల తాడు మీద తేనెపిట్ట

మే 4, ఆదివారం

కళ్లద్దాల షాపులో నా ఉద్యోగం. వచ్చినవాళ్ల ముక్కు మీద ఫ్రేమ్ పెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది స్పష్టంగా ఉందా? పోనీ ఇది?" అని అడగడమే రోజంతా పని. నిన్న బేరాలు లేక నా కళ్లు నేనే పరీక్షించుకున్నాను. బోర్డు మీద కింది వరుసలు చీమల బారులా కనిపించాయి. అందరికీ చూపు సరిచేసే మనిషికి ఇంత మసకా!

డాక్టరుగారు నవ్వేసి, "రోజూ కాసేపు పచ్చటి వాటిని, దూరంగా ఉన్నవాటిని చూడమ్మా" అన్నారు.

చూడటమేం ఖర్మ, ఫొటోలే తీస్తాను!

నిర్ణయం: ఈ వేసవి అంతా రోజుకొక ఫొటో. మా పెరట్లో ప్రాణమున్నది ఏదైనా సరే. పిట్ట, పురుగు, పువ్వు, ఆకు. షాపుకి వెళ్లేలోపు తీసెయ్యాలి. ఒక్క రోజు కూడా మానకూడదు.

మా ఆయన ప్రింటింగ్ ప్రెస్‌లో బీరువా మూల పడి ఉన్న పాత కెమెరా తెచ్చి ఇచ్చారు. దాని ముక్కు లాగితే మూరెడు సాగుతుంది. ఆహా!

"ఆరంభశూరత్వం కాదు కదా?" అన్నారు.

సమాధానం చెప్పలేదు. పనిమంతులు మాట్లాడరు.

మే 5, సోమవారం

ఉదయం 5:40. లేచాను! అలారం కంటే ముందే!

మందారం మీద మంచుబిందువు. తీశాను. అద్భుతం.

షాపులో అందరికీ చూపించాను. ఓనరుగారు కళ్లజోడు పైకి కిందికి జరిపి, "టమాటానా?" అన్నారు. పాపం, ఆయనకి నంబరు మారినట్టుంది.

మే 6, మంగళవారం

ఉడుత. నిమ్మచెట్టు మీద. కెమెరా ఎత్తేసరికి కొమ్మ మారింది. ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు. చివరికి తోక దొరికింది. తోక కూడా ఉడుతే కదా.

మా ఆయన చూసి, "దీన్ని అచ్చేస్తే సీసాలు కడిగే బ్రష్ అనుకుంటారు" అన్నారు.

ప్రెస్‌లో పనిచేసేవాళ్లని పెళ్లి చేసుకోకూడదు.

మే 8, గురువారం

నేడు ఒక విచిత్రం!

గోడ అవతల బట్టల తాడుకి ఏదో చెత్త వేలాడుతోంది. ఎండుటాకులు, సాలెగూడు పోగులు, పీచు, కాస్త దూది. గాలికి కొట్టుకొచ్చి చిక్కుకుందనుకున్నాను. ఇంతలో బొటనవేలంత పిట్ట వచ్చి, దాని మీద వాలి, ఇంకో పోగు చుట్టి వెళ్లింది.

తేనెపిట్ట! గూడు కడుతోంది!

నిజానికి గోడ అవతలి సంగతులు ఈ డైరీలో రాయకూడదని అనుకున్నాను. కానీ ఇప్పుడు తప్పదు. ఆ ఇల్లు మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. గోడ అటుపక్క వాళ్లు, ఇటుపక్క మేము. తోడికోడలు నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. రెండేళ్ల నుంచి ఏమీ పిలవడం లేదు.

ఆవిడ క్లినిక్కులకీ లాడ్జీలకీ దుప్పట్లు, కర్టెన్లు ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తుంది. బావగారు వ్యానులో చేరవేస్తారు. పెరడంతా తాళ్లే. నేను గోడ మీద పెంచిన రాధామనోహరం తీగ ఆ దుప్పట్ల మీద వాలుతోందని, రెండేళ్ల కిందట ఒకరోజు నేను షాపులో ఉండగా మొదలంటా తీసిపారేసింది. మొగ్గ మీద ఉన్న తీగ!

"అడిగి కొయ్యొచ్చుగా?" అన్నాను.

"నీ తీగ నా దుప్పట్ల మీద పడేముందు నన్నడిగిందా?" అంది.

ఆవిడతో అదే ఆఖరి మాట.

అన్నదమ్ములు మాత్రం రోజూ గోడ మీద మోచేతులు ఆనించుకుని కబుర్లాడుకుంటూనే ఉంటారు. సిగ్గు లేదు.

ఇప్పుడు నా భయమంతా ఒకటే. తీగనే బతకనివ్వని మనిషి, బట్టల తాడు మీద గూడుని ఉంచుతుందా?

మే 9, శుక్రవారం

స్టూలు వేసుకుని గోడ మీంచి గూడు ఫొటోలు తీశాను. బాగా వచ్చాయి. అంటే, గూడు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే తెలుస్తుంది.

సాయంత్రం మా అమ్మాయి గోడ అవతల నుంచి కబురు మోసుకొచ్చింది. "అమ్మా, పెద్దమ్మ అడగమంది. ఉతికిన బట్టలకి ఫొటోలెందుకట?"

"గూడు కోసమని చెప్పు."

వెళ్లింది. తిరిగొచ్చింది. "గూడుకి కళ్లుంటే నిన్ను చూసి జడుసుకుంటుందట."

"దాన్ని పీకెయ్యొద్దని చెప్పు."

"అమ్మా, నాకు పరీక్షలున్నాయి. మీ ఇద్దరికీ మధ్య నేను పోస్టాఫీసుని కాదు" అని తలుపు వేసుకుంది.

జవాబు రాలేదు. అంటే పీకేస్తుందన్నమాట.

మే 11, ఆదివారం

గూడు ఉంది. కానీ ఆ తాడు మీద బట్టలు లేవు! మిగతా తాళ్ల మీద దుప్పట్ల మీద దుప్పట్లు ఉన్నాయి. ఆ ఒక్క తాడూ ఖాళీ.

ఏదో పన్నాగం. తాడు విప్పెయ్యడానికే ఖాళీ చేసిందేమో.

ఈ రోజు ఫొటో: పుదీనా. కదలదు. మంచి మొక్క.

మే 14, బుధవారం

లేచేసరికి 7:10. రాత్రంతా ఉక్కపోత, నిద్ర లేదు. షాపు నుంచి వచ్చాక తీద్దామనుకున్నాను. వచ్చేసరికి వెలుతురు పోయింది.

ఆదివారం తీసిన రెండు పుదీనా ఫొటోల్లో రెండోది ఇవాళ్టి లెక్కలో వేశాను. ఇది మోసం కాదు, పొదుపు.

మే 16, శుక్రవారం

బాత్రూంలో బల్లి. తీశాను. బల్లి వన్యప్రాణి కాదని ఎవరన్నారు?

మే 18, ఆదివారం

పిట్టలకి కూడా ఆదివారం సెలవుంటే బాగుండేది.

మా అమ్మాయి వంటింట్లో చచ్చిన బొద్దింకని చీపురుతో తోస్తూ, "అమ్మా, ఇది పనికొస్తుందా?" అని అరిచింది. 'ప్రాణమున్నది ఏదైనా' అని నియమం పెట్టుకున్నాను. నిన్న దీనికి ప్రాణం ఉంది. లెక్కలోకి వస్తుందా, రాదా? చాలాసేపు ఆలోచించాను.

తీశాను. ఈ వారంలో స్పష్టంగా వచ్చింది ఇదొక్కటే. కదలదు కదా.

మే 21, బుధవారం

ఎండ కాదు, నిప్పుల కొలిమి. మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. నేనూ వేలాడేశాను. ఫొటో లేదు.

కానీ ఒక సంగతి తెలిసింది. సాయంత్రం కుళాయి కింద గిన్నెలు తోముతుంటే, బావగారు గోడ దగ్గర మా ఆయనతో గోడు వెళ్లబోసుకోవడం వినిపించింది.

"ఏం చెప్పనురా! రోజూ తడిబట్టల బకెట్లు మేడ మీదకి మోయిస్తోంది మీ వదిన. మోకాళ్లు పోతున్నాయి. ఆ తాడు జోలికెళ్తే ఊరుకోదు. దాని పక్కన దగ్గినా కళ్లెర్రజేస్తోంది. నన్ను కట్టుకుని ముప్పయ్యేళ్లు. ఇన్నేళ్లలో నేనెప్పుడైనా పడుకున్నప్పుడు ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉందా?"

చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

మా ఆయన లోపలికి రాగానే అడిగాను. "ఆవిడ గూడు కోసమే తాడు ఖాళీ చేసిందని మీకు తెలుసా?"

"తెలుసు. పది రోజులైంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఆ ఇంటి ఊసెత్తొద్దన్నావుగా" అని పేపరు తిప్పారు.

వెళ్లి మాట్లాడాలా? ఏమని? రెండేళ్ల తర్వాత మొదటి మాట ఏమై ఉండాలో ఎక్కడా రాసిలేదు.

మే 22, గురువారం

స్టూలు ఎక్కాను. ఆవిడ బట్టలు పిండుతోంది. నోరు తెరిచాను. ఆవిడ తలెత్తింది. కెమెరా కంటికి పెట్టేసుకున్నాను.

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఈ రోజు ఫొటో: బకెట్.

మే 27, మంగళవారం

నాలుగు రోజులుగా ఏమీ రాయలేదు, తీయలేదు. కారణాలు: షాపులో స్టాకు లెక్కలు, కెమెరా ఛార్జరు మా అమ్మాయి ఎక్కడో పెట్టడం, ఎండ, మళ్లీ ఎండ, నడుంనొప్పి. అసలు కారణం: స్టూలు ఎక్కాలంటే మొహం చెల్లడం లేదు.

గూట్లో పిల్లలు వచ్చాయట. మా అమ్మాయి చెప్పింది. పెద్దమ్మ పిలిచి చూపించిందట. రెండట. నోళ్లు తప్ప ఇంకేం కనబడవట.

"నువ్వూ రావచ్చుగా" అంది మా అమ్మాయి.

"రమ్మందా?"

"రావద్దనలేదు."

కెమెరా బీరువాలో పెట్టేశాను. ఇక చాలు. అందరూ ఫొటోలు తీస్తే చూసేవాళ్లెవరు?

జూన్ 1, ఆదివారం

తాడు ఒరుసుకుని అరచేతులు ఇంకా మండుతున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ.

మధ్యాహ్నం మూడింటికి ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. మా ఆయనా బావగారూ వ్యానులో లాడ్జీకి దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లారు. అమ్మాయి స్నేహితురాలింట్లో ఉంది. కిటికీలు వేస్తున్నాను. గాలిదుమారం లేచింది. పెరట్లో ఏదో పెళపెళమని విరిగిన చప్పుడు.

వెంటనే గోడ అవతల నుంచి కేక. "ఏమే! ఉన్నావా? ఇంట్లో ఉన్నావా?"

రెండేళ్ల తర్వాత ఆ గొంతు నన్ను పిలవడం. పరుగెత్తి స్టూలెక్కి చూశాను. తాడు కట్టిన ఇనపరాట మిగతా తాళ్ల మీది బట్టల బరువుకో గాలికో మొదలంటా ఒరిగి నేల మీద పడి ఉంది. తాడు చివర రెండు చేతులతో పట్టుకుని అక్క గాల్లో వేలాడుతున్నట్టు నిలబడింది. గూడు తాడు మీద అటూ ఇటూ ఊగుతోంది. ఊగినప్పుడల్లా గోడకి జానెడు దూరం దాకా వస్తోంది.

"వదిలితే కిందపడుతుంది. వదలకపోతే గోడకి కొట్టుకుంటుంది. నాకు రెండే చేతులున్నాయే!"

గేటు మీదుగా చుట్టి వెళ్లేంత సమయం లేదు. గోడ ఎక్కాను. నలభై ఆరేళ్లకి, నైటీతో, కళ్లజోడుతో. ఎలా దిగానో తెలీదు. మోకాలు చెక్కుకుపోయింది. గూడుకి ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి వేసి తాడు పట్టుకున్నాను. ఊగడం ఆగింది. లోపల నుంచి సన్నగా కిచకిచ.

అప్పుడు వాన మొదలైంది. వాన కాదు, బిందెలతో కుమ్మరించడం.

"తడిస్తే గూడు విడిపోతుంది. ఆ టబ్బు అందుకో" అంది అక్క.

కాలితో లాగి, ఒక చేత్తో ప్లాస్టిక్ టబ్బు గూడు మీద గొడుగులా పట్టాను. ఇంకో చేత్తో తాడు. అక్క అవతలి కొసన. ఇద్దరం నిలువునా తడిసిపోయాం. ఎవరూ కదలడానికి లేదు. ఎవరూ వెళ్లిపోవడానికి లేదు. మాట్లాడకుండా ఎంతసేపు నిలబడతారు ఎవరైనా?

ముందు అక్కే అంది. "మోకాలు నెత్తురు కారుతోంది."

"పర్లేదు."

"గేటు తీసే ఉంది."

"నాకేం తెలుసు!"

నా నోరు ఊరుకోలేదు. "పిట్ట కోసం తాడు ఖాళీ చేశావు. నా తీగకి మాత్రం కత్తి పెట్టావు."

"ఒక్క కొమ్మ కొయ్యబోయానే. దుప్పటి మీద పడ్డ కొమ్మ ఒక్కటే. స్టూలు ఒరిగి కిందపడబోతూ ఆసరాకి తీగ పట్టుకున్నాను. మొత్తం మొదలుతో సహా ఊడి నా మీద పడింది."

"మరి ఆ మాట చెప్పలేదేం? 'నన్నడిగిందా' అని ఎదురు తిరిగావు!"

"కోపంలో అన్నాను. నడుం విరిగినంత పనైంది, నువ్వొచ్చి తీగ గురించే అడిగావు. సాయంత్రం చెబుదామని మీ గుమ్మం దాకా వచ్చాను. ఫోన్‌లో మీ అమ్మకి చెబుతున్నావు, 'ఆవిడకి ఒళ్లంతా కుళ్లే' అని. వెనక్కి వెళ్లిపోయాను."

"విన్నావా?"

"వీధి వీధంతా వింది."

టబ్బు మీద నీళ్లు దబదబా పడుతున్నాయి. "నడుం ఇప్పుడెలా ఉంది?" అని అడిగాను.

"రెండేళ్లకి అడిగావా? ఇవాళ బానే ఉంది. రేపు చెప్పలేను" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే టబ్బు కదిలింది. "టబ్బు! టబ్బు చూసుకో!" అని అరిచింది. "నువ్వు తాడు చూసుకో!" అని నేనూ అరిచాను. అలా మొదలైన అరుపులు ఎక్కడెక్కడికో పోయాయి. అమ్మాయి కాలేజీలో చేరిన రోజు తనని పిలవలేదన్న సంగతి. వాళ్లబ్బాయికి ఉద్యోగం వచ్చిన సంగతి మాకు మూడోవాళ్ల ద్వారా తెలిసిన వైనం. అప్పు తీసుకెళ్లిన మా పెద్ద గరిట. ఏదీ వదల్లేదు. ఒక తగువు అయిపోగానే ఇద్దరికీ ఇంకోటి గుర్తొచ్చేది.

వ్యాను వచ్చి ఆగింది. బావగారూ మా ఆయనా పరుగెత్తుకొచ్చి, పెరటి తలుపు దగ్గర బిగుసుకుపోయి నిలబడ్డారు.

"వీళ్లు మాట్లాడుకుంటున్నారా, పోట్లాడుకుంటున్నారా?" అన్నారు బావగారు.

"రెండూ" అన్నారు మా ఆయన. అని జేబులోంచి ఫోను తీసి ఫొటో తీశారు. సాయం చెయ్యడానికి వచ్చిన మనిషి!

రాట లేపి రాళ్లతో బిగించి తాడు కట్టారు. గూడు నిలబడింది. లోపల రెండు నోళ్లు తెరుచుకున్నాయి. కానీ తల్లిపిట్ట లేదు.

అక్కా నేనూ వాళ్ల వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నాం. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది. మోకాలికి మందు రాసింది. వాన వెలిసింది. వెలుతురు తగ్గుతోంది. రాదేమో అనుకున్నాను, పైకి అనలేదు. అక్క చెయ్యి నా చెయ్యి మీద ఎప్పుడు పడిందో చూసుకోలేదు.

వచ్చింది. తాడు మీద వాలి, ఈకలు దులుపుకుని, తోకాడించి, ఏమీ జరగనట్టు గూట్లోకి దూరింది.

అక్క ముక్కు చీది, "పిట్ట కొంచెం, పొగరు ఘనం. ఒక్క మాటైనా అందా మనల్ని చూసి?" అంది.

ఫొటో: లేదు. కెమెరా బీరువాలోనే ఉంది. అసలు గుర్తే రాలేదు.

జూన్ 5, గురువారం

బీరువాలోంచి కెమెరా తీశాను. రోజూ పొద్దున్నే అక్కవాళ్ల పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ఇప్పుడు గేటు మీదుగానే వెళ్తున్నాను. గూడు ఎదురుగానే ఉంది, వెలుతురు బాగుంది, అనుమతి ఉంది. ఇన్ని అనుకూలాలు ఏ ఫొటోగ్రాఫరుకైనా ఉంటాయా?

నాలుగు రోజుల్లో తీసిన ఫొటోలు: సున్నా. రెండేళ్ల కబుర్లు బాకీ ఉన్నాయి. నోటికి విరామం దొరికితేగా చేతికి పని!

షాపుకి రెండుసార్లు ఆలస్యంగా వెళ్లాను.

జూన్ 11, బుధవారం

ఇవాళ ఎగిరాయి!

6:30 దాటింది. అక్క టీ గ్లాసులతో వస్తూ ఆగిపోయింది. గూటి గుమ్మంలో ఒక పిల్ల కూర్చుని ఉంది. తల్లి నిమ్మచెట్టు మీద నుంచి పిలుస్తోంది. కెమెరా ఎత్తాను. వెలుతురు, దూరం అన్నీ చూసుకున్నాను. చేతులు కూడా వణకలేదు. జీవితంలో మొదటిసారి బొమ్మ కళ్లకి కట్టినట్టు నిలబడింది. ఈకల మీద పసుపు, ముక్కు వంపు, అన్నీ.

పిల్ల రెక్కలు విప్పింది.

అక్క నా కుడి మణికట్టు పట్టేసుకుంది. "అదిగో! అదిగోనే! వెళ్లిపోతోంది! పడిపోతుందే!" అని ఊపేసింది. పడలేదు. నిమ్మచెట్టు దాకా కొట్టుకుంటూ వెళ్లి, కొమ్మ మీద తల్లి పక్కన వాలింది. వెనకే రెండోది. అక్క కళ్లలో నీళ్లు. నావీ అంతే, కళ్లజోడు మసకబారింది.

ఫొటోలో వచ్చినవి: అక్క చెయ్యి, సగం టీ గ్లాసు, చాలా ఆకాశం.

మా ఆయన ఫోనులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో పిట్ట ఏది?"

"ఎగిరిపోయింది కదా" అన్నాను.

ఆయన దాన్ని చెరిపెయ్యకుండా ఉంచుకున్నారు. ఆశ్చర్యం.

జూన్ 15, ఆదివారం

శాంతంగా కూర్చుని లెక్క చూసుకున్నాను. వేసవి దాదాపు అయిపోయింది. మంచి ఫొటో ఒక్కటీ లేదు. బొద్దింక తప్ప.

అయినా సరే. ఓడిపోయేవాళ్లం కాదు. కొత్త నిర్ణయం. వేసవి పోతే వానాకాలం ఉంది. వానలో నత్తలు, కప్పలు, పుట్టగొడుగులు, తూనీగలు వస్తాయి. నత్త అయితే నా వేగానికి సరిపోతుంది. రోజుకొక ఫొటో. ఒక్క రోజు కూడా మానకూడదు. కెమెరా ఉన్నప్పుడు అక్క నాకు చెయ్యి అందనంత దూరంలో కూర్చోవాలి. ఈ నియమం ఆవిడకి చెప్పాను. "చూద్దాంలే" అంది.

ఇది రాస్తుండగా గోడ మీంచి కేక. "ఏమే! కుళాయి వెనక ఏదో కదులుతోంది! పచ్చగా ఉంది! కెమెరా పట్టుకుని తొందరగా రా!"

వెళ్లొచ్చాను. గాలికి కదులుతున్న ప్లాస్టిక్ కవరు. ఇద్దరం పడీ పడీ నవ్వి, అక్కడే మెట్ల మీద కూర్చుని చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. వెనక్కి వచ్చేటప్పుడు నిజంగానే ఒక కప్ప నా పాదం మీంచి గెంతిపోయింది. కెమెరా అక్కవాళ్ల మెట్ల మీదే మర్చిపోయాను.

రేపటి నుంచి. కచ్చితంగా.